నా ఫోన్‌లో పళ్ల డాక్టర్: హెచ్ఐవీ టెస్ట్ దాకా నా ప్రయాణం

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని చేతులు కడుక్కోవడం.

సబ్బు రాసి, గోళ్ల సందులు కూడా రుద్ది మరీ కడిగాను. సగంలో ఉండగా తట్టింది, నేను ఎవరినీ ముట్టుకోలేదని, ఫోన్‌లో మాట్లాడానంతేనని. అయినా ఆపలేదు. మొత్తం కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మంచం మీద కూలబడ్డాను. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అన్నిటికన్నా సిగ్గుగా ఉండేది ఇదే కాబట్టి ముందు ఇదే రాసేస్తున్నాను.

ఫోన్ చేసింది ఒకప్పుడు నాతో కలిసి ఉన్న అమ్మాయి. అప్పటికి మేం విడిపోయి ఏడు వారాలు దాటింది. పెద్ద గొడవలేం లేవు, ఇద్దరికీ సరిపడలేదు, అంతే. "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. లేరన్నాను. "నాకు హెచ్ఐవీ పాజిటివ్ వచ్చింది. నువ్వూ ఒకసారి టెస్ట్ చేయించుకో" అంది. గొంతు వణకలేదు. కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పింది. నిజంగానే కాగితం మీద రాసుకుందని చాలా నెలల తర్వాత తెలిసింది.

నేను "సరే" అన్నాను. ఇంకేమీ అనలేదు. నువ్వెలా ఉన్నావని కూడా అడగలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను టెస్ట్‌కి వెళ్లలేదు. పగలు ఆఫీసు, రాత్రి ఫోన్. హెచ్ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తాయని చదివాను. వెంటనే గడిచిన రెండు నెలల్లో నాకెప్పుడు గొంతునొప్పి వచ్చిందో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకసారి వచ్చింది. ఎవరికి రాదు? అర్ధరాత్రి టార్చ్ వేసుకుని చేతుల మీద మచ్చలు వెతికాను. అదే పేజీలో కింద, చాలామందికి అసలు ఏ లక్షణమూ కనిపించదని, ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటారని, లక్షణాలను బట్టి ఉందనీ లేదనీ తేల్చలేమని స్పష్టంగా రాసి ఉంది. అది చదివాను, మళ్లీ టార్చ్ వేశాను.

చదువుతుంటే కనిపించిన ఇంకో సంగతి నన్ను బాగా కుదిపింది. వైరస్ అంటుకునే పరిస్థితి ఎదురైందన్న అనుమానం ఉంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే, అది ఒంట్లో పాతుకోకుండా చాలావరకు ఆపొచ్చట. దాన్ని పెప్ అంటారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. నా విషయంలో ఆ 72 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, కాబట్టి అది నాకు పనికొచ్చే సంగతి కాదు. కానీ ఇన్నేళ్లుగా ఇలాంటిదొకటి ఉందని కూడా నాకు తెలియదు. బండికి సర్వీసింగ్ ఎప్పుడు చేయించాలో కిలోమీటర్లతో సహా చెప్పగలను, ఇది మాత్రం తెలియదు.

ఆ పదకొండు రోజులూ నాలో భయం కన్నా కోపమే ఎక్కువగా ఉండేది. ఆమె మీద. నా జీవితం నాశనం చేసిందని. ఎవరెవరితో తిరిగిందోనని. ఇక్కడ రాయలేని మాటలు కూడా అనుకున్నాను.

చివరికి పన్నెండో రోజుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించాలి కదా, ఏమని రాయాలి? ఇంట్లో ఎవరైనా చూస్తే? కాసేపు ఆలోచించి "పళ్ల డాక్టర్" అని టైప్ చేశాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

దగ్గర్లోనే టెస్ట్ చేసే చోటు ఉన్నా, పని గట్టుకుని ఊరికి అటు చివరున్న ఆసుపత్రికి వెళ్లాను. మాస్క్, టోపీ. వరండాలో ఒక తలుపు మీద హెచ్ఐవీ పరీక్షల కేంద్రం అని బోర్డు, దాని ముందు నాలుగు కుర్చీలు, నాలుగూ ఖాళీ. టోకెన్ తీసుకుని ఆ కుర్చీల్లో కాకుండా ఎదురుగా ఉన్న కంటి పరీక్షల గది ముందు కూర్చున్నాను. అక్కడ బాగా రద్దీగా ఉంది, నన్నెవరూ పట్టించుకోరు. నా పక్కన ఒకాయన పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు. ఎదుటి గదిలోంచి నా ముందు నంబరు పిలిచారు. ఆయన పత్రిక మడిచి లేచాడు. అప్పుడు చూస్తే, కంటి డాక్టర్ ముందు కూర్చున్నవాళ్లలో కనీసం ముగ్గురు కళ్ల కోసం రాలేదు. ఆ ఖాళీ కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అర్థమైంది.

నా వంతు వచ్చింది. లోపల యాభై ఏళ్లు దాటిన ఒక మేడమ్. కౌన్సెలర్. నేను మాస్క్ తీయలేదు, ఆమె తీయమనలేదు. నేను చెప్పే వివరాలు ఆ గది దాటి బయటికి వెళ్లవని, నేను ఒప్పుకుంటేనే టెస్ట్ చేస్తారని, మధ్యలో వద్దనుకుంటే లేచి వెళ్లిపోవచ్చని మొదటే చెప్పింది. ఎందుకొచ్చారని అడిగితే కథంతా చెప్పాను. చెప్పే తీరులోనే, నేను అమాయకుణ్ణి, ఆమె దోషి అన్న సంగతి తేలిపోయేలా చెప్పాను. మేడమ్ అంతా విని రెండు ప్రశ్నలు అడిగింది.

"ఆవిడ ఇంతకుముందు టెస్ట్ చేయించుకున్నారా?"

చేయించుకుంది. ఏటా చేయించుకునే అలవాటుందని నాకు ఒకసారి చెప్పింది. కిందటేడు నెగటివ్. ఈ ఏడు మామూలుగా వెళ్తే పాజిటివ్ వచ్చింది.

"మరి మీరు చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?"

"ఎప్పుడూ చేయించుకోలేదండీ."

మేడమ్ రాసుకుంటూనే, తల ఎత్తకుండా అంది: "అయితే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మీరెలా చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. పదకొండు రోజుల కోపం ఒక్క వాక్యానికి చల్లారిపోయింది. ఆ రెండు టెస్ట్‌ల మధ్య ఏడాదిలో ఆమెకు సోకింది. ఆ ఏడాదిలో ఎనిమిది నెలలు నాతోనే ఉంది. అంతకుముందు నా జీవితంలో ఇంకొందరున్నారు, ప్రతిసారీ కండోమ్ వాడానని ఒట్టేసి చెప్పలేను. ఆమెకు తన సంగతి ఎప్పటికప్పుడు తెలుసు. నా సంగతి నాకు ఒక్కరోజు కూడా తెలియదు. తెలియకపోవడాన్నే నేను ఆరోగ్యం అనుకుంటూ వచ్చాను.

టెస్ట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వేలు కొనకి చిన్న సూది, ఒక చుక్క రక్తం, ప్లాస్టిక్ పట్టీ మీద వేసి పైన ఇంకేదో ద్రవం పోశారు. ప్రెగ్నెన్సీ టెస్ట్ పట్టీ లాగే ఉంటుంది. ఒక గీత వస్తే టెస్ట్ సరిగ్గా పనిచేసిందని, రెండో గీత కూడా వస్తే రియాక్టివ్ అని. అలా వచ్చినా ఆ ఒక్క పట్టీతో పాజిటివ్ అని చెప్పరట, వేరే రకం పరీక్షలతో మళ్లీ సరిచూసుకున్నాకే చెప్తారట. ఇరవై నిమిషాలు బయట కూర్చోమన్నారు. నేను మళ్లీ కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. పత్రిక ఆయన కూడా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. గోడ మీద అక్షరాల పట్టిక ఉంది, పై నుంచి కింది దాకా చదివాను, కింది నుంచి పైకి చదివాను. ఆ ఇరవై నిమిషాల్లో దేవుడికి మొక్కుకున్నవి తర్వాత చాలా తీర్చలేదు.

"నాన్‌రియాక్టివ్" అంది మేడమ్, కాగితం నా వైపు తిప్పుతూ.

"అంటే... నేను క్లీన్ అన్నమాట!" గట్టిగానే అనేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నెగటివ్ అనండి, చాలు. మీరు క్లీన్ అయితే పొద్దున్న ఇదే కుర్చీలో కూర్చుని పాజిటివ్ తీసుకెళ్లిన అమ్మాయి ఏమవుతుంది?"

కోప్పడలేదు. చొక్కా గుండీ ఊడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత నా సంతోషం మీద ఇంకో చెంబుడు నీళ్లు పోసింది. "ఇది చివరి మాట కాదు. మీ చివరి కలయిక జరిగి అరవై ఒక్క రోజులైంది. ఈ రకం టెస్ట్‌కి మూడు నెలలు దాటాలి. నెల తర్వాత మళ్లీ రండి."

విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా టెస్ట్‌లో కనిపించని కాలం, అన్న మాట అప్పటికే పది చోట్ల చదివాను గానీ ఎక్కలేదు. మేడమ్ చెప్పిన పోలికతో ఎక్కింది. ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. ఈ టెస్ట్ దొంగని వెతకదు, దొంగ పడ్డాడని ఇంట్లోవాళ్లు పెట్టే కేకలు వింటుంది. ఆ కేకలే యాంటీబాడీలు. దొంగ దూరిన మొదటి రోజే ఎవరూ నిద్ర లేవరు. మూడు వారాలకు కొందరు లేస్తారు, మూడు నెలలకు దాదాపు అందరూ లేస్తారు. అందుకే తొందరపడి వారంలోనే టెస్ట్ చేయించుకుని నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉంటే అది మోసమే. ల్యాబ్‌లో చేతి నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం టెస్ట్ ఒకటుంది. అది కేకలతో పాటు దొంగ వదిలేసిన చొక్కా గుడ్డని, అంటే పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ని కూడా వెతుకుతుంది కాబట్టి 45 రోజులకే గట్టిగా చెప్పగలదు. ఆ టెస్ట్ అయితే నాకు ఆరోజే తేలిపోయేది. ఆ కేంద్రంలో అది లేదు, ఇంకోచోట చేయించుకోవచ్చని నాకు తోచనూ లేదు. వెళ్లేవాళ్లు ఏ రకం టెస్ట్ చేస్తున్నారు, దానికి విండో ఎన్ని రోజులు అని అడిగితే నాలా నెల రోజులు ఊగిసలాడే పని ఉండదు.

ఈసారి క్యాలెండర్‌లో "పళ్ల డాక్టర్ 2" అని రాశాను.

ఆ నెలలో రాత్రిళ్లు లక్షణాలు వెతకడం మానేసి, ఈ జబ్బు కథ చదవడం మొదలుపెట్టాను. 1981 జూన్‌లో లాస్ ఏంజెలస్‌లో అయిదుగురు యువకులకు అంతుచిక్కని న్యుమోనియా వచ్చిందని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ప్రచురించిన చిన్న నివేదికతో ఇది లోకానికి తెలిసింది. వైరస్‌ని 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే సినూసీ, లూక్ మాంటనీయెల బృందం గుర్తించింది. ఆ ఇద్దరికీ 2008లో నోబెల్ వచ్చింది. రక్తపరీక్ష 1985లో వచ్చింది. అంటే మొదటి నాలుగేళ్లు టెస్టే లేదు. చనిపోతున్నవాళ్లకు ఎందుకు పోతున్నామో తెలియదు, పక్కన ఉన్నవాళ్లకు తమకూ ఉందో లేదో తెలుసుకునే దారి లేదు. అప్పట్లో ఇరవై నిమిషాల పట్టీ ఒకటి ఉంటే వాళ్లు పదకొండు రోజులు ఆలోచించి ఉండేవాళ్లా అనిపించింది.

1987లో బ్రిటన్ యువరాణి డయానా లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి వెళ్లి హెచ్ఐవీ ముదిరి ఎయిడ్స్ దాకా వచ్చిన ఒక రోగితో గ్లవ్స్ లేకుండా చేయి కలిపింది. ముట్టుకుంటే అంటుకుంటుందని చదువుకున్నవాళ్లు కూడా వణికిపోతున్న రోజులవి. ఆ ఫొటో చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ఆమె రోగి చేయి పట్టుకుంది. అన్నీ తెలిసిన కాలంలో పుట్టిన నేను, ఫోన్ పట్టుకుని చేతులు కడుక్కున్నాను. ముట్టుకుంటే, కౌగలించుకుంటే, ఒకే గ్లాసులో తాగితే, ఒకే బాత్రూమ్ వాడితే ఇది రాదని నాకు బడిలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దోమకాటుతో ఎందుకు రాదో కూడా చెప్పగలను: దోమ మనల్ని కుట్టినప్పుడు తన లాలాజలాన్ని ఎక్కిస్తుంది గానీ, ముందు పీల్చిన రక్తాన్ని కాదు, దాని కడుపులో ఈ వైరస్ బతకదు కూడా. తల్లో ఇదంతా ఉంది. చేతులకి మాత్రం తెలియలేదు.

రెండో టెస్ట్ కూడా నెగటివ్. ఈసారి ఎగరలేదు. "నెగటివ్" అన్న మాట మేడమ్ కన్నా ముందు నేనే అన్నాను.

ఇంటికొచ్చి ఆమెకు ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు. ఏమని చెప్పాలి? నాకు లేదోచ్ అనా? అలా వారాలు గడిచి నెలలయ్యాయి. ఇందులో నాకే గొప్పా లేదు, పిరికితనం, అంతే. ఆరు నెలలు దాటాక ఒక రోజు చేశాను. ఎత్తదనుకున్నా, ఎత్తింది. మొదట క్షమించమన్నాను, ఆరోజు ఎలా ఉన్నావని కూడా అడగనందుకు. "పోనీలే, నేను చెప్పడం అయిపోవాలనే తొందరలో ఉన్నాను. కాగితం మీద రాసుకుని చదివాను తెలుసా" అని నవ్వింది. ఆమెకు టెస్ట్ చేసినచోట కౌన్సెలర్, కావాలంటే ఆమె పేరు బయటపడకుండా వాళ్లే నాకు కబురు చేస్తామన్నారట. వద్దని తనే చేసింది. "మొదట్లో నీ నుంచే వచ్చిందేమో అనుకుని నిన్ను చాలా తిట్టుకున్నాను" అని కూడా చెప్పింది. ఇద్దరం ఒకే పదకొండు రోజులు ఒకే పని చేశామన్నమాట.

పాజిటివ్ అని తేలిన వారంలోనే మందులు మొదలుపెట్టింది. రోజుకి ఒకటే మాత్ర, అందులోనే మూడు మందులు. పూర్వం రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 లెక్క బాగా పడిపోయేదాకా ఆగి మందులిచ్చేవారు. 2015 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, లెక్క ఎంత ఉన్నా పాజిటివ్ వచ్చిన అందరికీ వెంటనే మొదలుపెట్టమంటోంది. మొదటి రెండు వారాలు కలత నిద్ర, పిచ్చి కలలు, తర్వాత అలవాటైపోయిందట. ఆరో నెలలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూస్తే టెస్ట్‌కి దొరకనంత తగ్గిపోయింది. "ఇప్పుడు నా నుంచి ఎవరికీ రాదు" అంది.

నేను నమ్మలేదు. మర్యాదకి ఊ కొట్టి, ఫోన్ పెట్టేశాక వెతికాను. నిజమే. పార్ట్‌నర్ అని ఐరోపా దేశాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఒకరికి హెచ్ఐవీ ఉండి, మందులతో వైరస్ అణిగి ఉన్న జంటలను ఏళ్ల తరబడి గమనించారు. కండోమ్ లేకుండా వేలకు వేల కలయికలు. 2016లో, తర్వాత 2019లో వచ్చిన ఫలితాల్లో, భాగస్వామి నుంచి వైరస్ సోకిన జంట ఒక్కటీ లేదు. కొత్తగా సోకిన కొద్దిమందిలో వైరస్ జన్యువులు చూస్తే అది భాగస్వామిది కాదని, బయటి నుంచి వచ్చిందని తేలింది. మందులు మానకుండా వేసుకుంటూ వైరస్ దొరకనంత తక్కువగా ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదన్నది ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. రోజూ మాత్ర వేసుకునే ఆమె కన్నా, జీవితంలో ఒక్కసారీ టెస్ట్ చేయించుకోని అప్పటి నేనే ఎదుటివాళ్లకు ఎక్కువ ప్రమాదం.

ఆ తర్వాత మేం అప్పుడప్పుడూ మాట్లాడుకుంటున్నాం. ఒకసారి గొంతు బాగా డల్‌గా ఉంటే ఏమైందన్నాను. "పన్ను నొప్పి. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను" అంది. ఫారంలో వాడుతున్న మందులు రాయమంటే నిజమే రాసిందట. రిసెప్షన్‌లో అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చి, మీరు సాయంత్రం అందరూ అయిపోయాక చివర్లో రండి, తర్వాత గది కడగాలి కదా అందట. నిజానికి ఎవరికి హెచ్ఐవీ ఉందో, ఎవరికి కామెర్ల వైరస్ ఉందో చూసి చెప్పలేరు కాబట్టి, ప్రతి రోగికీ ఒకేలా పనిముట్లు శుభ్రం చేయడం, గ్లవ్స్ మార్చడం వైద్యంలో మొదటి పాఠం. ఆమెను చివరికి నెట్టడానికి వైద్య కారణం ఏదీ లేదు. ఆమె సాయంత్రం దాకా నొప్పితో బయట కూర్చుంది. ఇంకోసారి ఎక్కడా నిజం రాయనంది.

నేను నా ఫోన్ వైపు చూశాను. అందులో వరసగా పళ్ల డాక్టర్ 1, పళ్ల డాక్టర్ 2, పళ్ల డాక్టర్ 3. నేను ఎక్కడ దాక్కున్నానో సరిగ్గా అక్కడే ఆమెను బయట కూర్చోబెట్టారు.

మూడోది ఎందుకంటే, అప్పటికి ఆరు నెలలకోసారి చేయించుకోవడం అలవాటు చేసుకున్నాను. అందరికీ అంత అవసరం లేదు. జీవితంలో ఒక్కసారైనా అందరూ చేయించుకోవాలన్నది కనీసం. కొత్త భాగస్వాములు వస్తున్నవాళ్లు, ఒకరి కన్నా ఎక్కువమంది ఉన్నవాళ్లు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు ఏడాదికోసారైనా, ముప్పు మరీ ఎక్కువ ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి. గర్భిణులకు మొదటి నెలల్లోనే చేస్తారు, ఎందుకంటే తల్లికి ముందే తెలిసి మందులు వాడితే బిడ్డకు సోకకుండా దాదాపు పూర్తిగా ఆపొచ్చు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ అనే మందులూ ఉన్నాయి. అవీ టెస్ట్ చేశాకే ఇస్తారు. ఎయిడ్స్ మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ఎయిడ్స్ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో దాదాపు 4 కోట్ల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు, వాళ్లలో సుమారు 54 లక్షల మందికి తమకు ఉన్నట్టే తెలియదు. వాళ్లందరూ నాలాంటి బద్ధకస్తులని కాదు, చాలామందికి టెస్టే అందదు. నాకు ఆ వంక కూడా లేదు.

మారిపోయి పెద్ద ప్రచారకర్తనయ్యానని అనుకోకండి. ఒకసారి ఆఫీసులో ఎవరో సన్నబడితే "ఏంట్రా, ఆ జబ్బా?" అని ఒకడు జోకేశాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ నోరు కూడా విప్పలేదు. దానికి బదులుగా అన్నట్టు ఆ వారంలో నా దగ్గరి స్నేహితులు ముగ్గురికి నా టెస్ట్‌ల సంగతి చెప్పాను. ఇద్దరు మర్నాడే వెళ్లి టెస్ట్ చేయించుకున్నారు. మూడోవాడు, "అవన్నీ అలాంటివాళ్లకి రా" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. వాడితో ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

ఇంట్లో బయటపడింది మాత్రం నా తెలివివల్లే. ఒక రోజు నా ఫోన్ అమ్మ చేతిలో ఉండగా రిమైండర్ మోగింది. "ఎన్నిసార్లు రా ఈ పళ్ల డాక్టర్? ఏ పన్నో చెప్పవు, పుచ్చిందో లేదో చెప్పవు, నోరు తెరువు చూద్దాం" అంది. నిజంగానే నోరు తెరిపించి, వెలుతురు వైపు తిప్పి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక అబద్ధం అల్లే ఓపిక లేకపోయింది. ఆ అమ్మాయి గురించి, ఫోన్ గురించి, టెస్ట్‌ల గురించి చెప్పేశాను. చేతులు కడుక్కున్న సంగతి కూడా చెప్పాను. మొదటిసారి చెప్పింది అమ్మకే.

అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందులో ఎంత భాగం హెచ్ఐవీకి, ఎంత భాగం ఆ అమ్మాయి సంగతి దాచినందుకో తెలియదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, "ఆ పిల్లకి పన్ను నొప్పి తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. ఇంకాసేపు అక్కడే నిలబడి, "ఆ సూది బాగా నొప్పిగా ఉంటుందా?" అంది. ఎందుకని అడిగితే, ఇరవై ఏళ్ల కిందట ఆపరేషన్‌లో తనకు రెండు సీసాల రక్తం ఎక్కించారని, అప్పట్నుంచీ మనసులో ఒక మూల ఆ భయం ఉండనే ఉందని చెప్పింది. ఇరవై ఏళ్లు! నాన్నకి కూడా చెప్పలేదు. ఎక్కించే రక్తాన్ని పరీక్షించాకే ఇస్తారమ్మా, కంగారేం లేదన్నాను. "ఇస్తారులే. అయినా చూపించుకుంటే పోయేదేముంది" అంది.

ఆ వారం నా టెస్ట్‌కి అమ్మ కూడా వచ్చింది. వరండాలోకి వెళ్లగానే అలవాటుగా నా కాళ్లు కంటి డాక్టర్ గది వైపు తిరిగాయి. అమ్మ మాత్రం తిన్నగా నడిచి వెళ్లి, బోర్డు కింద ఉన్న ఖాళీ కుర్చీల దగ్గర నిలబడి, తలుపు దగ్గరున్న అబ్బాయిని అడిగింది. మా అమ్మకి మెల్లగా మాట్లాడటం రాదు.

"ఎయిడ్స్ టెస్టు ఇక్కడేనా బాబూ?"

వరండా మొత్తం ఇటు తిరిగింది. నా మెడ దాకా వేడెక్కిపోయింది. "ఎయిడ్స్ కాదమ్మా, హెచ్ఐవీ" అన్నాను, ఎంత చిన్న గొంతుతో అనగలనో అంత చిన్నగా.

"ఇక్కడేనండీ. ఎవరికి?" అన్నాడు ఆ అబ్బాయి.

"నాకు. వీడికి కూడా" అని, నాలుగు కుర్చీల్లో మధ్యలో ఒకదాంట్లో కూర్చుని, పక్క కుర్చీ మీద చేత్తో తట్టింది.